నంద్యాల బజారున నొక చీర

గడచిన శ్రావణమాసమున మా ఆడపడుచు కుమార్తెకు వివాహము నిశ్చయమైనది. వధువునకు మేనమామ పెట్టవలసిన పట్టుచీర మా పాలిది. మాది ఆళ్లగడ్డ, మా వారచ్చటి పాఠశాలలో నుపాధ్యాయులు. ఉప్పుపప్పులకును, నిత్యము గట్టు బట్టలకును మా యూరి కూడలిలోని యంగళ్లే చాలును గాని, పట్టుచీర యనగానే మా అత్తగారు “నంద్యాలకు పోయి రండి. చేతితో ముట్టి చూడని చీర చీర కాదు” అందురు. కావున నొక యాదివారము తెల్లవారుజామున నేనును, పదునాలుగేండ్ల మా అమ్మాయియు బస్సెక్కితిమి.

ఆళ్లగడ్డనుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. మా యూరికి రైలు లేదు. ఊరు దాటుచుండగా శిల్పుల పాకలు కనబడును. సగము చెక్కిన ద్వారపాలకులు, ఇంకను మొగము తేరని దేవతలు ఎండలో నిలిచియుందురు. ఉలిచప్పుడు బస్సులోనికి వినవచ్చును. ఆ పనివారిలో నొకాయన మా యింటికి దగ్గరివాడు. విగ్రహముల ఫొటోలను దూరపు గ్రామములవారికి ఫోనులోనే పంపి, బేరము గుదుర్చుకొనుచున్నానని చెప్పినాడు. రాతికే ఫోను గిరాకి తెచ్చుచుండగా పట్టు మాట యేమి యని నాకు దోచినది. శిరివెళ్ల దాటువఱకు కుడివైపున నల్లమల కొండలు నీలిగోడవలె వెంటవచ్చినవి.

నంద్యాల 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాకేంద్రమైనది. గాంధీచౌకు పరిసరముల సందడి నానాటికి బెరుగుచున్నదనియే చూచువారికి దోచును. మేము పోవు బట్టలంగడి మా మామగారి కాలమునుండి యెరిగినది. చెప్పులు గడపవద్ద విడిచి తెల్లని పరుపుమీద గూర్చుండవలెను. మంచినీళ్లిచ్చి, ఇంటిల్లిపాది క్షేమమడిగిన పిదపగాని శెట్టిగారు మడత విప్పరు. ఆనాడును నట్లే ముప్పది చీరలు పరచిరి. అందు ధర్మవరపు పట్టొకటి మామిడిపండు రంగుది, నెమలికంఠపు అంచుది, మా యిరువురి మనస్సును బట్టుకొన్నది. వెల 7,400 రూపాయలు.

ఇంటికి జూపుటకని చెప్పి నేను ఫోనుతో ఫొటో తీసితిని. నిజమునకు మా అమ్మాయి యా ఫొటోను ఫోనులోని యంగడిలో వెదకుచుండెను. అదే రంగు, అదే అంచు, 5,600 రూపాయలు! మేము గుసగుసలాడుట శెట్టిగారు చూచిరి. “అమ్మా! ఇచ్చట వెలుతురు చాలదు. గుమ్మము దగ్గరకు దెప్పింతును, ఫొటో బాగుగ వచ్చును” అనిరి. ఆ మాటలో నెత్తిపొడుపు లేదు. అందువలననే నాకు తలయెత్తుట సాధ్యము కాలేదు. సిగ్గు కప్పుకొనుటకు రెండు రవికగుడ్డలు గొని బయటపడితిమి. తిరుగుప్రయాణమున శిరివెళ్ల చేరకమునుపే ఫోనులో చీరకు సొమ్ము గట్టివేసితిని.

సోదరీమణులారా! ఈ ఫోను అంగళ్లు వచ్చి యెంతో కాలము కాలేదు. ఫ్లిప్‌కార్టు 2007లో బెంగుళూరున పుస్తకములమ్ముటతో మొదలైనది. అమెరికా కంపెనీయగు అమెజాను 2013లో మన దేశమున విక్రయశాల దెరచినది. 2018లో వాల్‌మార్టు ఫ్లిప్‌కార్టులో 77 శాతము వాటాను 1,600 కోట్ల డాలర్లకు గొన్నది. అంతటి ధనము వెనుక నున్నవారు కొన్నియేండ్లు నష్టమునకైన నమ్మి కొనువారికి రుచి మప్పగలరు. శెట్టిగారికో, అద్దె, విద్యుత్తు, గుమాస్తాల జీతములు నెలనెల తప్పవు. సరకు పండుగకు ముందే తెచ్చి అలమరలు నింపవలెను. ఒక శ్రావణము చెడినచో మరుసటి శ్రావణమువఱకు తేరుకొనుట లేదు. విదేశపు మూలధనముగల యిట్టి సంస్థలు తమ సరకు దామే యమ్మరాదు, ఇతర వర్తకులకు బజారుగా మాత్రమే యుండవలెనని మన ప్రభుత్వపు కట్టుబాటు. 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి దానిని మఱింత బిగించిరి. అయినను గొందఱు వర్తకులకే పెద్దపీట వేయుచు విపరీతమైన తగ్గింపులిచ్చుచున్నారని ఢిల్లీ వర్తకసంఘమొకటి ఫిర్యాదు చేయగా, కాంపిటీషన్ కమిషను 2020 జనవరిలో విచారణకు ఆజ్ఞాపించినది.

అట్లని ఫోను నాకు శత్రువు కాదు. ఆడువారికి నెలనెల గావలసిన వస్తువులను, లోదుస్తులను, మగవారు నిండిన యంగడిలో గొంతు దగ్గించి యడిగి, వార్తాపత్రికలో జుట్టించుకొని కొంగుచాటున దెచ్చుకొనిన దినములు నాకు గుర్తున్నవి. మా అమ్మాయికి ఆ సంకటము లేదు. మా తండ్రిగారు పాత కావ్యమొకటి కావలెనన్న విజయవాడకు జాబు వ్రాసి వారములు కనిపెట్టుకొనెడివారు. నాకు నాలుగుదినములలో గడపలోనికి వచ్చుచున్నది. మా వీధిలో భర్తను గోల్పోయిన యొకామె మీషోలోని చీరల బొమ్మలను పరిచితురాండ్రకు వాట్సాపులో బంపి, పైన గొంత లాభము వేసికొని యిద్దరు బిడ్డలను జదివించుకొనుచున్నది. ఆమె నంగడిలో గూర్చుండబెట్టి జీతమిచ్చిన శెట్టి మా యూర నెవ్వడును లేడు. శాంతిపర్వమున తులాధారుడను వర్తకునియొద్దకు జాజలి తపస్వి ధర్మము దెలిసికొనుటకు బోయెను. మన యంగళ్లవారందఱు తులాధారులే యని నేననను. కట్టుబట్టను జూచి పరుపు చూపువారును గలరు. అరువు ఖాతా కదా యని వెల హెచ్చించువారును గలరు.

ఇక చీర మాట. అయిదవనాడు పార్సెలు వచ్చినది. విప్పగానే అత్తగారు చీర నొకమారు నలిపి చూచి మాటలాడక లోపలికి బోయిరి. పట్టునకుండవలసిన బరువు లేదు. అంచు నేత గాదు, అద్దకము. తిరిగి పంపితిమి. ఆ కంపెనీ పేరిచ్చట నక్కరలేదు. సొమ్ము మాత్రము పండ్రెండవనాటికి గాని మరల రాలేదు. పెండ్లికింక మిగిలినవి ఎనిమిది దినములు. నా చేత 3,000 రూపాయలు.

మా వారితో మొదటిసారి జరిగినదంతయు జెప్పితిని. ఆయన కోపపడలేదు గాని, “నీవే పోయి యడుగుము” అనిరి. మరునాడే యొంటరిగ బోయితిని. ఆ బస్సులో కొండలు చూచితినో లేదో గుర్తులేదు.

ఆ మామిడిపండు రంగు చీర అప్పటికే యమ్ముడైపోయినది. ఫొటోలో దానిని జూచిన పెండ్లికూతురు అదియే కావలెనని యుండెను. శెట్టిగారు వెదకి వెదకి కుంకుమరంగు పట్టొకటి, 7,800 రూపాయలది, తీసిరి. నలుగురు గుమాస్తాలుండు చోట నిద్దరే కనబడగా నడిగితిని. ఒకడు పార్సెళ్లు పంచు పనికి బోయెనట. రెండవవానిని తామే మాన్పించిరట. నా చేతనున్న సొమ్ము సంగతి చెప్పుటకు నోరు రాక తడబడుచుండగా, “పెండ్లి జరుగనిండమ్మా. పద్దు ఎచ్చటికి బోవును?” అని ఖాతాపుస్తకము దీసి మా మామగారి పేరనున్న పాతపుటలోనే వ్రాసికొనిరి. ఫొటో మాట ఆయన యెత్తలేదు, నేనును జెప్పలేకపోయితిని. చెప్పవలసియుండెను.

పెండ్లికూతురు కుంకుమరంగు చీరనే కట్టినది. బాగుగనున్నదని యందఱనిరి, ఆమె యేమియు ననలేదు. ఫోను కంపెనీనుండి వచ్చిన సొమ్ము పెండ్లి ప్రయాణపు ఖర్చులలో గలసిపోయినది. శెట్టిగారి బాకీలో నిప్పటికి 3,000 చెల్లించితిమి. ఇంకను 1,800 రూపాయలు నిలిచియున్నవి. వచ్చునెల జీతము రాగానే మరల నంద్యాల పోవలెను. మా అమ్మాయి తానును వత్తుననుచున్నది. ఫోను ఇంటనే పెట్టి రమ్మంటిని.