పాలేటి ఒడ్డు నుంచి బయ్యారం చెరువు దాకా

నలభై దాటిన ఆడవాళ్ళు సైకిలెక్కి ఊళ్ళు తిరగడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మాకూ మొదట నవ్వే వచ్చింది. కానీ 2025 ఫిబ్రవరిలో, రథసప్తమి వెళ్ళిన మూడోనాడు, నేనూ మా తోటికోడలూ దంతాలపల్లి నుంచి బయ్యారం చెరువు దాకా సైకిళ్ళ మీద వెళ్ళొచ్చాం. ఆ ముచ్చటే మీతో చెప్పుకుందామని.

మా తోటికోడలు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కా అనే పిలుస్తాను. రెండేళ్ళ కిందట మా బావగారు పోయారు. అప్పట్నుంచి అక్క పొలానికి తప్ప గడప దాటలేదు. పెళ్ళిళ్ళకు పిలిచినా ఏదో ఒక వంక చెప్పి ఉండిపోయేది. మా అమ్మాయి హాస్టలుకు వెళ్ళాక దాని సైకిలు వసారాలో తుప్పు పట్టిపోతుంటే ఒకరోజు అక్కే దాన్ని శుభ్రంగా తుడిచి, "నాకు నేర్పుతవా చెల్లె?" అని అడిగింది. ఇంటర్ చదివే రోజుల్లో నేను కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక దాని ఊసే లేదు. సరేనని వరి కోసిన మడిలో పదిహేను రోజులు నేర్పించాను. మూడుసార్లు పడింది, మూడుసార్లూ లేచింది.

ఒక సాయంత్రం మా అబ్బాయి ఫోనులో సైకిల్ పందెం ఒకటి చూపించాడు. స్పెయిన్ దేశానికి ఉత్తరాన బాస్క్ అనే కొండల సీమ ఉందట. 2023లో టూర్ డి ఫ్రాన్స్ పందెం అక్కడి బిల్బావో పట్నం నుంచే మొదలైంది. పచ్చని కొండల కింద చిన్న చిన్న పల్లెలు, వంకర దారులు, దారి పొడుగునా చప్పట్లు కొట్టే జనం. చూసి చూసి అక్క, "మనకు లేవా కొండలు? బయ్యారం దిక్కు పోతే అన్నీ గుట్టలేనాయె" అంది. అలా మొదలైంది మా ప్రయాణం.

ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. "మొగడు పోయినామెకు షికార్లేంది" అన్న మాట మా ఇంటి దాకా వచ్చింది. మా అత్తమ్మ వద్దంటుందేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. ఆవిడ వక్క నములుతూ, "నా కోడండ్లను నేను పంపుతున్న. అడిగేటోళ్ళను నా దగ్గరికి రమ్మను" అంది. ఇక మా వారు మాత్రం ఏమంటారు? రెండు సైకిళ్ళకూ నూనె పెట్టించి, గాలి కొట్టించి తెచ్చారు.

సద్దిమూట సంగతి చెప్పాలి. సంక్రాంతి సకినాలు డబ్బాలో ఇంకా ఉన్నాయి. వాటికి తోడు పొద్దున్నే కాల్చిన సర్వపిండి, చింతపండు పులిహోర, బెల్లం పల్లి ఉండలు కట్టుకున్నాం. సర్వపిండి మర్నాటికి గట్టిపడిపోతుంది కనుక ఆ రోజే తినేయాలి. ఎక్కువ పనికొచ్చినవి మాత్రం పల్లి ఉండలే. అలసట వచ్చినప్పుడు ఒకటి నోట్లో వేసుకుంటే మళ్ళీ కాళ్ళాడతాయి.

మా ప్రాంతంలో మూడు ఏర్లు పక్కపక్కనే పారుతుంటాయి. మా ఊరి దగ్గర పాలేరు, తర్వాత ఆకేరు, ఆపైన పాఖాల చెరువు నుంచి వచ్చే మున్నేరు. ఆకేరు ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలిస్తే, పాలేరు తన దారిన తాను వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. బస్సులో ఎన్నోసార్లు వీటిని దాటినా ఏది ఏదో పట్టించుకున్నది లేదు. సైకిల్ మీదైతే ఏటి వైపు దిగుడు, ఏరు దాటగానే ఎగుడు. కాళ్ళకే తెలిసిపోతుంది!

తెల్లవారుజామున బయల్దేరి నర్సింహులపేట దారి పట్టాం. అవి మిరప ఏరే రోజులు. ఎటు చూసినా కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయలే. ఆ ఘాటుకు తుమ్ములు ఆగలేదు. మోదుగు చెట్లు అప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి.

ఆకేరు దగ్గర మాత్రం ఇద్దరికీ మాట రాలేదు. ఇసుక మధ్య సన్నటి నీటి పాయ. కానీ ఒడ్డు చెట్ల కొమ్మలకు అంతెత్తున పాత గడ్డీ చిరిగిన బట్టలూ చుట్టుకుని ఉన్నాయి. 2024 సెప్టెంబరు 1న ఇదే ఏరు పొంగి, ఇక్కడికి దిగువన పురుషోత్తమాయగూడెం దగ్గర కారుతో సహా ఒక తండ్రినీ, శాస్త్రవేత్త అయిన ఆయన బిడ్డనూ తీసుకుపోయింది. అదే వానకు కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. "ఇంత నెమ్మదిగ పారేటిది అంత పని చేసిందా?" అంది అక్క. తనకు ఏం గుర్తొచ్చిందో నేను అడగలేదు. కాసేపు నిలబడి మళ్ళీ సైకిలెక్కాం.

తర్వాత చిన్నగూడూరు. మహాకవి దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టింది ఈ ఊళ్ళోనే. నిజాం రోజుల్లో జైలుకు వెళ్ళిన మనిషి. బళ్ళో ఆయన పద్యాలు వల్లె వేశాను కానీ, ఆయన ఊరు మాకింత దగ్గరని ఆనాడు ఏ పంతులమ్మా చెప్పలేదు.

ఆ ఊరు దాటాక నా సైకిల్ వెనక చక్రం పంక్చరైంది. తోసుకుంటూ ఒక తండా చేరాం. మిరప చేలోంచి వచ్చిన లంబాడీ పెద్దమ్మ చల్లటి కుండ నీళ్ళిచ్చింది. బడికి సైకిల్ మీద పోయే ఆవిడ మనవరాలు, పద్నాలుగేళ్ళుంటాయేమో, తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి, బుడగలు వచ్చే చోటు చూసి, సొల్యూషన్ రాసి చకచకా అతికేసింది. పెద్దమ్మ అక్కను చూసి, "బస్సు లేదా? సైకిల్ మీద ఎందుకు పోతున్నవు బిడ్డా?" అని అడిగింది. అక్క తడుముకోకుండా, "చూడనీకి పోతున్న" అంది. రెండేళ్ళలో తనకోసం ఒక పని చేస్తున్నానని అక్క నోట వినడం నాకదే మొదలు.

చీకటి పడకముందే కురవి చేరి మా చిన్నమ్మ వాళ్ళింట్లో దిగాం. వేణ్ణీళ్ళలో ఉప్పు వేసుకుని కాళ్ళు ముంచితే ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే వీరభద్రస్వామి దర్శనం. మూడు కళ్ళు, పది చేతులతో స్వామి ఉగ్రంగా ఉంటాడు. శివరాత్రికి పెద్ద జాతర. తెలుగు వచనం తొలినాళ్ళలో ఎలా ఉండేదో తెలిపే కొరవి శాసనం ఈ ఊరిదే, దానికి వెయ్యేళ్ళు దాటింది.

అక్కణ్ణుంచి మానుకోట, అదేనండీ మహబూబాబాద్. ఆ ఊరు దాటి మున్నేరు కూడా దాటితే నేల రంగే మారిపోతుంది. ఇనుప రాయి ఉన్న సీమ కదా, ఎర్రమట్టి. గుట్టలు దగ్గరకొస్తాయి. ఎగుడు ఎక్కువైన చోట మొహమాటపడకుండా దిగి తోసుకుంటూ నడిచాం. చప్పట్లు కొట్టే జనం లేరు కానీ మేకలు కాసే పిల్లలు "ఆంటీ, జోరుగ తొక్కు!" అని కేకలేశారు.

మధ్యాహ్నానికి బయ్యారం చెరువు కట్ట ఎక్కాం. ఒక పక్క కొండలు, వాటి కాళ్ళ దగ్గర అంత నీరు! ఈ చెరువు తవ్వించింది ఒక ఆడమనిషి అని మీకు తెలుసా? కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. 1219 నాటి శాసనంలో దీని పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల తొలితరం రాజుల పేర్లు చరిత్రకారులకు తెలిసింది ఈ చెరువు శాసనం వల్లే. ఎనిమిది వందల ఏళ్ళయినా ఈ నీళ్ళతో పొలాలు పండుతూనే ఉన్నాయి.

ఇదంతా చెబితే అక్క నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఆమె ఇంత చెరువు కట్టిచ్చింది. దాన్ని చూడనీకి మనం వస్తే తప్పేంది?" అంది. ఆ మాట ఎవరికి జవాబో నాకు తెలుసు. ఇద్దరం సకినాలు నములుతూ గట్టిగా నవ్వుకున్నాం.

తిరుగు ప్రయాణంలో సైకిళ్ళను ట్రాలీ ఆటోలో వేసి పంపి, మేం బస్సెక్కాం. రెండు రోజుల్లో తొక్కింది 70 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ.

మీలో ఎవరికైనా వెళ్ళాలనిపిస్తే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. చీర కంటే చుడీదార్ మేలు, చున్నీ కొంగు చక్రంలో పడకుండా నడుముకు బిగించండి. సీటు మీద పాత తువ్వాలు మడిచి కట్టండి. గాలి పంపు, అతుకు సామాను సంచిలో ఉండాలి. వానాకాలం మాత్రం వద్దు, వాగు పొంగితే ఎంత తెలిసిన దారైనా దాటకూడదు.

అక్క ఇప్పుడు బ్యాంకుకూ మండలాఫీసుకూ సైకిల్ మీదే వెళ్తోంది. వచ్చే చలికాలం గూడూరు దగ్గరి భీముని పాదం జలపాతం చూద్దామని అప్పుడే అంటోంది. మీ ఇంట్లోనూ వసారాలో తుప్పు పడుతున్న సైకిలు ఉందేమో, ఒకసారి తుడిచి చూడండి!