కాపీ చేశాననుకున్నాను!

ల్యాబ్ రికార్డులు రాసినవాళ్ళకి కాపీ కొట్టడం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫస్టియర్‌లో సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, రీడింగులతో పాటు ఆవిడ వేసిన తేదీ కూడా ఎక్కించేసి దొరికిపోయిన ఘనత నాది. అంత అనుభవం ఉన్నదాన్ని కూడా ఈ సెమిస్టర్‌లో ఒక కాపీ దగ్గర బోల్తా పడ్డాను. నాకు మార్కులేం పోలేదు గానీ, నా బదులు ఒక జూనియర్ మాటలు పడ్డాడు. అందుకే రాస్తున్నాను.

మా రోబోటిక్స్ క్లబ్‌లో పోయినేడు సీనియర్లు ఒక పెన్ ప్లాటర్ చేశారు. అంటే పెన్ను పట్టుకుని కాగితం మీద బొమ్మలు గీసే మెషీన్. ఈ ఏడాది టెక్‌ఫెస్ట్‌కి అదే డిజైన్‌తో ఇంకోటి కడుతున్నారు. మా సెకండియర్ టీమ్ దాన్నే చిన్న సైజులో చేద్దామనుకుంది. నా పని కోడ్ రాయడం వరకే. కానీ మా మెకానికల్ కుర్రాడు వాళ్ళక్క పెళ్ళికని ఊరెళ్ళాడు, క్యాడ్ పని నా నెత్తిన పడింది.

ఉన్న డిజైన్ ఉండగా మొదటి నుంచి గీయడం ఎందుకు? ల్యాబ్ సిస్టమ్‌లో సీనియర్ల ఫోల్డర్ తెరిచి, అసెంబ్లీ ఫైల్ ఒక్కటి కాపీ చేసి, నా ఫోల్డర్‌లో పేస్ట్ చేసి పేరు మార్చాను. సాలిడ్‌వర్క్స్‌లో తెరిస్తే పట్టాలు, మోటార్లు, బోల్టులతో సహా మొత్తం మెషీన్ ప్రత్యక్షమైంది. ఇంత తేలికా అనిపించింది.

వాళ్ళ మోటార్ నెమా 17. దాని ముఖం సుమారు 42 మి.మీ., బోల్టు రంధ్రాల మధ్య దూరం 31 మి.మీ. మాది చిన్నది, నెమా 14. ముఖం 35, రంధ్రాల దూరం 26. మోటార్ బ్రాకెట్ తెరిచి 31ని 26 చేశాను. మధ్యలో ఉండే పెద్ద రంధ్రం రెండిటికీ 22 మి.మీ.యే, దాన్ని ముట్టుకోలేదు. బయటి కొలతలు రేపు చూద్దాంలే అని సేవ్ కొట్టి మెస్‌కి పోయాను. చూడ్డానికి బ్రాకెట్ ముందులాగే ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

పొద్దున గ్రూపులో ఫోటో. సీనియర్లు రాత్రంతా ప్రింట్ పెట్టిన రెండు బ్రాకెట్లూ మోటార్‌కి సరిపోలేదు. ప్రింటర్ దగ్గర ఉన్నది ఒక ఫస్టియర్ తమ్ముడు. "స్కేల్ మార్చావా?", "సెట్టింగ్స్ ఎవరు ముట్టుకోమన్నారు?" అని తలో మాట అన్నారు. పాపం అతను 20 మి.మీ. ఘనం ఒకటి ప్రింట్ చేసి, వెర్నియర్ పట్టుకుని కొలుస్తూ కూర్చున్నాడు. ఘనం సరిగ్గానే వచ్చింది. అయినా "నాదే తప్పేమో అక్కా" అని మెసేజ్ పెట్టాడు.

కాసేపటికి ఎవరో రంధ్రాల దూరం కొలిచి పెట్టారు: 26.

ఆ అంకె చూడగానే నా కడుపులో తిప్పింది. కానీ వెంటనే ఒక సాకు కూడా దొరికింది. నేను మార్చింది నా కాపీలో కదా, వాళ్ళ దాంట్లో ఎలా మారుతుంది? ఆ సాకు పట్టుకుని మధ్యాహ్నం దాకా గ్రూపులో నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం కథలో నా అసలు తప్పు అదే.

లంచ్ తర్వాత ల్యాబ్‌కెళ్ళి నా అసెంబ్లీ తెరిచి, ఫైల్ మెనూలో ఫైండ్ రిఫరెన్సెస్ నొక్కాను. వరసగా పార్టుల పేర్లు, పక్కన అవి ఉన్న చోటు. ఒక్కటీ నా ఫోల్డర్‌లో లేదు. అన్నీ సీనియర్ల ఫోల్డరే.

సంగతేమిటంటే, అసెంబ్లీ ఫైల్ లోపల పార్టులు ఉండవు. ఏ పార్టు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏది దేనికి ఎలా అతుక్కుంటుంది అనే వివరాలే ఉంటాయి. నేను ఆ వివరాల్ని కాపీ చేశాను. బ్రాకెట్ మాత్రం రెండు మెషీన్లకీ ఒక్కటే. ఇంకా సిగ్గుచేటైన విషయం, ఇది నాకు తెలిసిన పాఠమే. పైథాన్‌లో లిస్టు లోపల ఇంకో లిస్టు ఉన్నప్పుడు మామూలుగా కాపీ చేస్తే పై లిస్టు ఒక్కటే కొత్తది, లోపలిది పాతదే. అది షాలో కాపీ. లోపలివి కూడా కొత్తగా తయారైతే డీప్ కాపీ. మిడ్‌లో ఈ ప్రశ్నకి బొమ్మ వేసి మరీ ఐదుకి ఐదు తెచ్చుకున్నాను. అదే సంగతి వేరే సాఫ్ట్‌వేర్‌లో ఎదురొస్తే గుర్తుపట్టలేదు.

సీనియర్ అక్క దగ్గరికెళ్ళి చెప్పేశాను. ఆవిడ కాసేపు స్క్రీన్ చూసి, "తోడు తీసుకెళ్తావనుకుంటే మా గిన్నెలోనే చెయ్యి పెట్టావా!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నాకు చెప్పడం సరే. పొద్దున్నుంచీ ఆ పిల్లాడు తిట్లు తింటున్నాడు, ముందు వాడికి చెప్పు" అంది.

గ్రూపులో అందరికీ కనబడేలా రాశాను. ఆ తమ్ముడు బొటనవేలు ఎమోజీ ఒక్కటి పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం అక్క పక్కన కూర్చోబెట్టుకుని సరైన పద్ధతి చూపించింది. ఫైల్ మెనూలో ప్యాక్ అండ్ గో అని ఉంటుంది. అది అసెంబ్లీతో పాటు దాని పార్టులన్నిటినీ కొత్త ఫోల్డర్‌లోకి తెస్తుంది, లింకులు కూడా కొత్త వాటికే కలుపుతుంది. డ్రాయింగులు కావాలంటే ఆ టిక్కు పెట్టాలి. పేర్ల చివర మన ప్రాజెక్టు గుర్తు ఒకటి తగిలించడం మర్చిపోకూడదు. ఎందుకంటే ఒకే పేరున్న రెండు వేరువేరు ఫైళ్ళని సాలిడ్‌వర్క్స్ ఒకేసారి తెరవనివ్వదు. అసెంబ్లీలో ఒక్క పార్టునే విడదీయాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి మేక్ ఇండిపెండెంట్ అంటే చాలు. అన్నీ అయ్యాక ఫైండ్ రిఫరెన్సెస్‌లో ఒకసారి చూసుకోవాలి. మొత్తం ఐదు నిమిషాల పని.

పోయిన వారం ఆ ఫస్టియర్ తమ్ముడే వచ్చి మా చిన్న ప్లాటర్ ఫైళ్ళు అడిగాడు. పెన్‌డ్రైవ్ తీసుకుని, ప్యాక్ అండ్ గో చేసి ఇచ్చాను. "ఊరికే కాపీ పేస్ట్ చేసుకుంటే పోదా అక్కా?" అన్నాడు.

"ఆ 26 గుర్తుందా?" అన్నాను.

ఒక్క క్షణం ఆగి, ఈసారి గట్టిగానే నవ్వాడు.