రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె

వనపర్తిలో చేయించుకొన్న రక్తపరీక్షలో నాకు థైరాయిడ్ ప్రతిరక్షకాలు అధికమని తేలినది. పదులలో ఉండవలసిన అంకె వందలలో ఉన్నది. దేహానికి కావలి కాయవలసిన సేనయే కంఠంలోని గ్రంథిని శత్రువుగా ఎంచుట ఈ వ్యాధి స్వభావం. దీనిని 1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో వర్ణించినాడు. ప్రతిరక్షకాల సంగతి 1956లో గాని బయటపడలేదు.

గద్వాలలోని మా ఖాలా గోబిపువ్వు మానుమన్నది, ఏదో పసరు కూడ పంపినది. ఆప్యాయత వేరు, వైద్యం వేరు. ఆ అంకెను మాటిమాటికి కొలిపించుట వృథా అనీ, గమనించవలసినది టి.ఎస్.హెచ్. అనీ వైద్యుడు చెప్పినాడు. అది పెరిగిన పిమ్మటనే నాకు లెవోథైరాక్సిన్ బిళ్ళ మొదలైనది: పరగడుపున, చాయ్‌కు అరగంట ముందు, ఇనుము, కాల్షియం బిళ్ళలకు నాలుగు గంటల ఎడం.

మరి రంజాను మాసంలో పరగడుపు ఏ వేళ? సహరీకి అరగంట ముందుగా లేవవలెను. లేదా ఇఫ్తారు భోజనమైన మూడు నాలుగు గంటలకు, తరావీహ్ ముగిసి పడుకొనబోవునపుడు వేసికొనవలెను. వైద్యుని అడిగి రెండవ దానిని ఎన్నుకొన్నాను. పండుగ పిమ్మటి పరీక్షలో టి.ఎస్.హెచ్. హద్దు దాటలేదు.

నాగర్‌కర్నూలు నుండి వచ్చే ఒక విద్యార్థిని మాత్రం, పెండ్లివారికి తెలియునన్న భయంతో బిళ్ళయే మానివేసినది. గర్భంలోని శిశువు మెదడు తొలి నెలలలో తల్లి థైరాయిడ్ హార్మోనుపైననే ఆధారపడునని ఆమెకూ, ఆమె తల్లికీ గంటసేపు చెప్పినాను. వచ్చే వారం ముగ్గురం కలిసి వైద్యుని వద్దకు పోవుచున్నాము.