కురవికి వచ్చిన జపాను కవరు

మహబూబాబాద్‌ను ఇక్కడివారు నేటికీ మానుకోట అనే పిలుస్తారు. అక్కడ రైలు దిగి సుమారు 10 కిలోమీటర్లు ప్రయాణిస్తే కురవి. మహాశివరాత్రికి జరిగే వీరభద్రస్వామి జాతర వల్ల ఈ ఊరి పేరు దూరప్రాంతాలకూ తెలుసు. మేము వెళ్లిన రోజున దారి పక్క కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరుతోంది. మేమిద్దరం ఒకే మదర్సాలో బోధించేవారం. పరామర్శ కోసం వెళ్లాము. మా వద్ద చదువుకున్న ఒక యువకుని తండ్రి పరమపదించారు. ఆ యువకుడు జపానులోని కోబేలో, యంత్రభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఖననం ఆ రోజే జరిగిపోయింది. అతడు మూడోనాటికి గాని ఇల్లు చేరలేకపోయాడు.

"జనాజాకు భుజం పట్టలేకపోయాను ఉస్తాద్" అంటూ అతడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అక్కడి జీవితం గురించి చెప్పసాగాడు.

కోబేలో అతనికి మసీదు కొరత లేదు. 1935లో ప్రారంభమైన ఆ మసీదు జపానులో మొట్టమొదటిది. దానికి విరాళాలిచ్చినవారిలో అక్కడ వ్యాపారం చేసిన భారతీయ ముస్లిములూ ఉన్నారు. 1945 నాటి బాంబుదాడులనూ, 1995 నాటి మహాభూకంపాన్నీ తట్టుకుని అది నిలిచింది. అయితే రోజులో అధికభాగం గడిచేది కర్మాగారంలోనే. పని ముగిశాక సహోద్యోగులందరూ కలిసి కూర్చునే విందును వారు నోమికాయ్ అంటారు. అందులో మద్యం ఉంటుంది. మొదటి చలికాలమంతా అతడు ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నాడట. చివరకు ఒంటరితనం భరించలేక, తన ధర్మం ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మరుసటి విందులో అతని ముందు ఊలాంగ్ టీ గ్లాసు వెలసింది. వారిలో పెద్దాయన ఒకరు పంది అనే అర్థమిచ్చే జపాను అక్షరాన్ని కాగితం మీద రాసి, "కొనే ప్రతి పొట్లం మీదా ఇది ఉందేమో చూసుకో" అని చేతికిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ అతని పర్సులోనే ఉంది.

ఇంతలో తల్లి లోపలినుండి ఒక తెల్లని కవరు తెచ్చారు. దానికి నలుపు, తెలుపు దారాలు చుట్టి ఉన్నాయి. "మౌల్వీసాబ్, పని చేసేచోట అందరూ కలిసి ఇచ్చారంట. చనిపోయినవాళ్ల ముందు ధూపం వేయడానికి ఇచ్చే పైసలంట కదా! మనకు జాయెజేనా? అన్నీ మడతపడ్డ నోట్లే, ఎందుకో!" అన్నారు.

కొడుకు వివరించాడు. దీనిని కోడెన్ అంటారు. పేరులో ధూపం ఉన్నా, ఖర్చుల్లో మునిగిన కుటుంబానికి ఆసరాగా ఇవ్వడం అక్కడి ఆచారం. కొత్త నోట్లు పెడితే చావు కోసం ముందే సిద్ధం చేసుకున్నట్టవుతుందని మడతపడినవే పెడతారు.

మా సహచరులు కొంత తటపటాయించారు. మృతుల పేరిట జరిగే ఆరాధనలో మనకు పాలు ఉండరాదన్నది వారి సందేహం. అది సబబైనదే. అయితే ఇచ్చినవారికి ఈ ఇంట్లో ధూపం వెలిగించరని తెలుసు. తెలిసే ఇచ్చారు. ముఅతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులైనప్పుడు, దుఃఖంలో ఉన్న ఆ ఇంటివారికి భోజనం సిద్ధం చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. తబూక్ సమయంలో ముస్లిమేతరుడైన ఐలా పాలకుడు పంపిన తెల్లని కంచరగాడిదను ఆయన స్వీకరించి, బదులుగా వస్త్రం బహూకరించారు. ఈ రెండూ గుర్తుచేసుకున్నాక మా సహచరులే, "తీసుకోండమ్మా, ఇది సానుభూతి" అన్నారు.

అందుకున్నదానిలో దాదాపు సగం విలువకు తిరిగి కానుక ఇవ్వడం జపానువారికీ మర్యాదేనట. అది వినగానే ఆ తల్లి ముఖంలో తొలిసారి కొంత తేట కనిపించింది. "మరి మనమేం పంపుదాం? ఎంతమంది ఉంటారు బేటా?" అని అడిగారు. పదమూడు మందన్నాడు. సకినాలు చేద్దామన్నారు.

మేము సెలవు తీసుకునే వేళకు పక్కింటి స్త్రీలు ఇద్దరు వచ్చి ఉన్నారు. ఖననం రోజున ఈ ఇంటికి అన్నం వండి పంపినవారు వారే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన బట్ట మీద చుట్లు తిప్పుతున్నారు. కొడుకు పక్కన కూర్చుని పదమూడు పొట్లాల మీద పదమూడు పేర్లు జపాను లిపిలో రాస్తున్నాడు. ఆ తల్లి ఒక్కొక్క పేరూ అడిగి, తిరిగి పలికి చూసుకుంటున్నారు.