నీ మిషన్లోనే ఎందుకు?

మాది తెనాలి పక్క పల్లె, మాదిగ గూడెం. మా నాయన చెప్పులు కుట్టాడు, ఆ పని గిట్టక పొలాల్లో కూలికి పోయాడు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి, ఇంజనీరింగ్ పూర్తి చేసి 2009లో హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. అయినా వారం తిరక్కముందే ‘ఎంసెట్‌లో నీ ర్యాంకెంత?’ అని అడిగారు. ఆ ప్రశ్న ర్యాంకు కోసం కాదని మనందరికీ తెలుసు.

మొదటి నెల్లోనే బిల్డ్ ఫెయిలయింది. రాసిన ప్రోగ్రాము ముక్కలన్నిటినీ కలిపి నడిచే సాఫ్ట్‌వేరుగా తయారు చెయ్యడాన్ని బిల్డ్ అంటారు. అదే కోడు, అదే కమాండు. పక్క సీట్లవాళ్లకి వస్తోంది, నాకు రావడం లేదు. ఫలానా డైరెక్టరీ లేదంటోంది. చూస్తే డైరెక్టరీ అక్కడే ఉంది.

‘అందరికీ వస్తుంటే నీ మిషన్లోనే ఎందుకు పోతుంది?’ అన్నాడు టీమ్ లీడు. ఇంకొకాయన నాకు వినపడేట్టే ‘బేసిక్సు లేకుండా వచ్చేస్తారు’ అన్నాడు. ఆ ‘వచ్చేస్తారు’లో నేనొక్కణ్ణే లేను, మా గూడెమంతా ఉంది. రెండ్రోజులు అన్నం సయించలేదు.

మూడోనాడు తెర మీద ఒకటి పట్టుకున్నాను. ఎర్రర్ లైనంతా తెల్లగా ఉంది, డైరెక్టరీ పేరొక్కటే ఎర్రగా ఉంది. దానికి రంగెవరు పూశారు? ఆ లైన్ని ఫైల్లోకి పంపి ‘క్యాట్ మైనస్ వి’తో చూశాను. పేరుకి ముందూ వెనకా కంటికి కనపడని గుర్తులు. అవి రంగు కోసం వేసినవి. కంప్యూటరుకి మాత్రం అవీ పేరులో భాగమే. అలాంటి పేరున్న డైరెక్టరీ ఎక్కడుంటుంది?

కమాండ్ లైన్ మీద నడిచే ప్రతి ప్రోగ్రాముకీ కొన్ని సెట్టింగులుంటాయి. ఎన్విరాన్‌మెంట్ అంటారు. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్ నుంచీ ఉన్న ఏర్పాటిది. తల్లి ప్రాసెస్ దగ్గరున్నది పిల్ల ప్రాసెస్‌కి పుట్టుకతోనే వస్తుంది. ‘ఎన్వ్’ అని కొడితే అంతా కనిపిస్తుంది. నా మిషన్లో కొట్టాను, ఒక స్నేహితుడి మిషన్లో కొట్టించాను. ఎవరి పేర్లు వాళ్లవి పోగా, నా దాంట్లో ఒక లైను ఎక్కువుంది: ‘గ్రెప్ ఆప్షన్స్’, దాని విలువ ‘కలర్ ఆల్వేస్’. గ్రెప్ ఫైళ్లలో మాటలు వెతికే కమాండు. ‘ఆటో’ అని పెడితే మనిషి చూసే తెర మీదే రంగు వేస్తుంది. ‘ఆల్వేస్’ అంటే స్క్రిప్టుకిచ్చేటప్పుడూ వేస్తుంది. మా బిల్డ్ స్క్రిప్టు డైరెక్టరీ పేరుని గ్రెప్‌తోనే వెతుక్కుంటోంది.

‘ఎన్వ్ మైనస్ ఐ’తో వచ్చిందంతా తీసేసి, హోమ్, పాత్ రెండే ఇచ్చి బిల్డ్ పెట్టాను. పాసయింది. ఆ లైను అందరికీ వర్తించే ప్రొఫైల్ ఫైల్లో ఉంది. దాని తేదీ నేను చేరకముందుది. నాకంటే ముందు ఆ మిషన్ వాడినాయన పెట్టుకున్నది.

తేదీతో సహా చూపించాను. ‘ఓ, సెట్టింగా!’ అని నవ్వి వెళ్లిపోయారు. అంతవరకూ తప్పు నా పుట్టుకది. దొరికాక ఎవరిదీ కాదు. బేసిక్సు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇది నాకొక్కడికే వచ్చిన తంటా కాదు. ఆ వేరియబుల్‌ని వాడితే హెచ్చరిక వచ్చేట్టు గ్నూ గ్రెప్ వాళ్లు 2014లో పెట్టారు. 2020లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అది అసలు పనిచెయ్యకుండా చేశారు.

కంప్యూటరు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బిల్డ్ పోతే మిమ్మల్ని మీరు అనుమానించుకునే ముందు ఎన్వ్ చూడండి. పాత్‌లో ఏ డైరెక్టరీ ముందుందో, ‘టైప్ మైనస్ ఎ’ కొడితే ఏ కంపైలరు ముందొస్తోందో చూడండి. జావా హోమ్ పాత వెర్షన్ని చూపిస్తోందేమో, సీడీపాత్ ఎక్స్‌పోర్టయి ఉందేమో చూడండి. ఒక్కొక్కటే తీసి పరీక్షించండి. తేదీలతో రాసిపెట్టుకోండి. మన నోటిమాట నమ్మనివాళ్లు కాగితం చూస్తే కాదనలేరు.

పిల్ల ప్రాసెస్ తన సెట్టింగులు మార్చుకోగలదు గానీ తల్లివి మార్చలేదు. అందుకే నేను నా వరకు మార్చుకుని ఊరుకోలేదు. ప్రొఫైల్ ఫైల్లోనే ఆ లైను కొట్టేయించాను. నా తర్వాత ఆ సీట్లోకి వచ్చేవాళ్లకి ‘నీ మిషన్లోనే ఎందుకు?’ అనే మాట పడే పని లేదు.