ఆరు గింజలు

మిరప కల్లాల రోజుల్లో మా తండా బడికి పిల్లలు సగం మందే వస్తారు. తిరువూరు చుట్టుపక్కల తండాల్లో చాలా చోట్ల ఇంతే. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి పోతారు. కొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా వైపు పోతారు. ఇంట్లో చూసేవాళ్ళు లేని చిన్నపిల్లలు వాళ్ళ వెంటే. కల్లంలో పెద్దవాళ్ళు ఎర్రకాయ ఒకవైపు, తాలు ఒకవైపు ఏరుతుంటే పిల్లలు పక్కన కూచుని చూస్తుంటారు.

రెండేళ్ళ కిందట అలా నాలుగు రోజులు పోయివచ్చిన రెండో తరగతి పిల్ల నన్నొక ప్రశ్న అడిగింది. "సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న కాయని ఎటు వెయ్యాలి?" మా గోర్ బోలీలో అడిగింది. నాకు తెలీదు, మీ యాడిని అడిగిరా అన్నాను. మర్నాడు వచ్చి చెప్పింది. కొనేవాడు చూస్తుంటే తాలులో వెయ్యాలట, చూడకపోతే ఎరుపులో వెయ్యాలట.

నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ పిల్ల పేరు వెనకబడినవాళ్ళ పట్టీలో ఉంది. రాసింది నేనే. ఆరు నెలలుగా తరగతిలో తెలుగు మాట ఒక్కటీ పలకలేదని, లెక్క అడిగితే నేలచూపులు చూస్తుందని రాశాను. నిజమే, పలకలేదు. కానీ రెండు గుంపుల్లో దేనికీ చెందని కాయ ఒకటుందని కనిపెట్టింది, దానికి నియమం ఏమిటని అడిగింది. అంతకు మించిన ఆలోచన రెండో తరగతిలో ఇంకేం కావాలి?

నేను చిన్నప్పుడు చదివిన బడిలో నన్ను కూడా మొద్దు అన్నారు. పలక మీద అయిదు గీతలు గీసి ఎన్ని అని అడిగితే పాంచ్ అన్నాను. తరగతంతా నవ్వింది. అయిదని తెలియక కాదు, అయిదనే మాట తెలియక. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు, అందులో బంజారా కూడా ఒకటి. అప్పటికి నా చదువు అయిపోయింది. అన్నీ అనుభవించి టీచరునైనదాన్ని, నేనూ అదే పని చేశాను చూడండి.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అటక మీద నుంచి మా యాడి వామనగుంటల పీట దించాను. యాడి బడి మొహం చూడలేదు. అద్దాల కుట్టు కుట్టేటప్పుడు దారం పోగులు లెక్కపెట్టి, మధ్యలో అద్దం ఎక్కడ పడాలో ముందే చెప్పేది. ఈ ఆటలో ఆమెను ఓడించినవాళ్ళు మా వీధిలో లేరు. పీట లేకపోయినా ఫర్వాలేదు, నేల మీద గుంటలు తవ్వుకోవచ్చు. రెండు వరసలు, వరసకు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. మా ఇంట్లో గుంటకు నాలుగు చింతపిక్కలు పోస్తాం. ఒక గుంట తీసి, ముందున్న గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంట తియ్యాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే, దాని పక్క గుంటలోవి మనవి, వంతు అవతలివాళ్ళది. తమిళులు దీన్నే పల్లాంగుళి అంటారు, కన్నడ దేశంలో అళగుళి మణె. ఆఫ్రికాలోనూ ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి.

ఆ పిల్లను ఎదురుగా కూచోబెట్టుకుని ఆడాను. తెలుగు అడగలేదు, లెక్క అడగలేదు. మూడు రోజులు ఓడిపోయింది. నాలుగో రోజు మొదటి వంతు దానిది. ఏ గుంట తియ్యాలో చూస్తూ ఎంతసేపటికీ కదలదు. నేను ఊరుకున్నాను. (ఊరుకోవడమే కష్టం. "అది తియ్యవే" అని నోటిదాకా వస్తుంది.) ఉన్నట్టుండి "ఏదైనా ఒకటే కదా" అంది.

ఎందుకని అడిగాను. చెప్పలేకపోయింది. చేసి చూపించింది. ఒక గుంట నుంచి ఆడింది, చివరికి ఛో, ఆరు గింజలు వచ్చాయి. గింజలన్నీ మళ్ళీ నాలుగేసి సర్ది, పక్క గుంట నుంచి ఆడింది. మళ్ళీ ఆరే. అలా తన వైపున్న ఏడు గుంటల నుంచీ ఆడింది. ప్రతిసారీ ఆరే. అన్ని గుంటల్లోనూ సమానంగా ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టినా దారి ఒకటేనని ఆ పిల్లకి తట్టింది. నలభై ఏళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను, నాకు తట్టలేదు. యాడికి తెలుసేమో, అడుగుదామంటే ఆమె లేదు.

ఆ రాత్రి పట్టీలో పేరు కొట్టేశాను.

తర్వాత మిగతా పిల్లలకీ పెట్టాను. వామనగుంటలతో పాటు పులి మేక కూడా. మూడు పులులు, పదిహేను మేకలు, నేల మీద బొగ్గుతో గీత. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. మేకలు దూకలేవు, కలిసి చుట్టుముట్టి పులిని కదలకుండా చెయ్యగలవు, అంతే. పిల్లలందరికీ పులి కావాలి. మేకలతో గెలిచినవాడే అసలు ఆలోచించినవాడని వాళ్ళకి తెలియడానికి నెల పట్టింది. ఆట అయ్యాక ఒకే ప్రశ్న వేస్తాను: "ఆ మేకని అక్కడెందుకు పెట్టావు?" జవాబు ఏ భాషలో చెప్పినా సరే. "ఊరికే పెట్టా" అన్న పిల్లవాడు కొన్నాళ్ళకి "పులి అటు వస్తే ఇటు మూసేద్దామని" అంటాడు. నా రంగు కార్డులు మాత్రం ఎందుకూ పనికిరాలేదు, రెండు రోజులకి చించేశారు.

2021లో నిపుణ్ భారత్ వచ్చింది, మూడో తరగతి అయ్యేలోపు పిల్లలకి చదవడం, లెక్క రావాలని. 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె విడుదల చేశారు. మంచిదే. చింతపిక్కలకి మాత్రం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

కష్టం వేరేచోట వచ్చింది. ఆ పిల్ల తల్లి ఒకరోజు పని మానుకుని బడికి వచ్చింది. "టీచరమ్మా, మేం కూలి చేసి పంపేది నేల మీద గుంటలాటకా? అది మా ఇంట్లోనే ఉందిగా. తిరువూరులో ఇంగ్లీషు బడికి బస్సు వస్తంది, ఈ జూన్‌లో అందులో వేస్తాం" అంది. ఆమె మాటలో తప్పేముంది? ఇంట్లో ఉన్నది బడిలో ఉంటే అది చదువు కాదని ఆమెకి నేర్పింది మా బడులే.

నేను వాదించలేదు. పీట ముందుకి జరిపి, మీ పిల్లతో ఒక ఆట ఆడమన్నాను. సిగ్గుపడింది, కూచుంది. మొదటి వంతు తల్లిదే, ఆరు గింజలు వచ్చాయి. "నీకు ఆరొస్తాయని ముందే తెలుసు" అంది పిల్ల. ఎట్లా తెలుసే అని తల్లి అడిగింది. ఆ పిల్ల గింజలు మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది, నాలుగేసి. మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఇద్దరూ లేవలేదు.

జూన్‌కి ఇంకా రెండు నెలలుంది. ఏం చేస్తారో ఆమె నాకు చెప్పలేదు.