కాటి సీనుకి ముందు లేచిపోయే మనిషి

పోయిన వారం భాగం చదివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మెసేజ్ పెట్టారు. "మేడమ్, తెలుగులో పీహెచ్‌డీ చేసి పద్యనాటకం అనగానే అలా ముఖం ముడుస్తారేంటి?" అని. ముడవను. మా ఇంట్లో పద్యం అన్నంతోపాటే పెరిగింది. కాకపోతే ఒక నాటకంలో ఒక సీను దగ్గర నాకు నోరు పెగలదు. ఎందుకో ఈ వారం చెప్తాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మా నాన్నకి పద్యనాటకం అంటే పిచ్చి. ప్రైమరీ స్కూలు టీచరు. పెనుగొండ చుట్టుపక్కల మార్టేరు, ఆచంట, పాలకొల్లు వైపు ఎక్కడ తీర్థం జరిగి నాటకం పెట్టినా స్కూటర్ తీసేవాడు. నన్ను ముందు నిలబెట్టుకుని, మెడకి మఫ్లర్ చుట్టి తీసుకెళ్లేవాడు. 'హరిశ్చంద్ర' అయితే ఇంక చెప్పక్కర్లేదు. రాత్రి పదింటికి మొదలయ్యేది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు. అడవి సీనుకి ఒకాయన, వారణాసికి ఒకాయన, కాటి సీనుకి పేరున్న పెద్దాయన. జనం ఆ చివరాయన కోసమే మేలుకుని కూర్చునేవారు. తెల్లవారుజామున మూడింటికో, మూడున్నరకో ఆయన వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే మా నాన్న లేచి నిలబడేవాడు.

"పదమ్మా, మంచు పడతంది."

"నాన్నా, అసలు సీను ఇప్పుడే కదా?"

"రేపు బడుందమ్మా."

ఆదివారం అయినా ఆ మాటే. మేము స్కూటర్ ఎక్కి ఊరు దాటేదాకా వెనకనుంచి మైకులో పద్యం వినబడుతూనే ఉండేది. జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. నాన్న వెనక్కి తిరిగేవాడు కాదు. నాకు పదిహేనేళ్లు వచ్చేదాకా కాటి సీను ఎలా ముగుస్తుందో స్టేజీ మీద చూడలేదంటే నమ్ముతారా?

ఇంకొకటి కూడా ఉంది. మా సొంత ఊరికి వెళ్లేటప్పుడు కాలవ గట్టు మీద, లాకులు దాటాక ఒకచోట స్కూటర్ ఆపేవాడు. పెట్రోల్ మూత తీసి లోపలికి చూసేవాడు. మళ్లీ బిగించేవాడు. రెండు నిమిషాలు. ప్రతిసారీ అక్కడే. పాత స్కూటర్ కదా అనుకునేదాన్ని. కొత్త బండి కొన్నాక కూడా ఆపాడు.

ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం ఉన్న సంగతులని నాకు ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా తెలీదు.

నాటకం కథ తెలియని చిన్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. హరిశ్చంద్రుడు కథ మార్కండేయ పురాణంలో ఉంది. తెలుగులో పదిహేనో శతాబ్దంలోనే గౌరన ద్విపదలో రాశాడు. మన స్టేజీల మీద ఎక్కువగా ఆడింది బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకం. 1913లో ఫాల్కే తీసిన సినిమా ఈ కథే. చిన్నప్పుడు ఈ నాటకం చూసి తన మనసులో అది లెక్కలేనన్నిసార్లు ఆడించుకున్నానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే దేశం మొత్తాన్ని ఏడిపించిన కథ.

మనం దీన్ని భక్తి నాటకం అనుకుంటాం గానీ, చివరి భాగం కట్టినతీరు చూడండి, ఒళ్లు జలదరించే థ్రిల్లర్. అప్పు తీర్చడానికి కాశీలో రాజు భార్యాబిడ్డల్ని అమ్మేశాడు. తను వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. కొడుకు లోహితాస్యుడు పాము కరిచి చనిపోయాడు. తల్లి చంద్రమతి చీకట్లో శవాన్ని మోసుకుని శ్మశానానికొచ్చింది. కాపరి సుంకం అడిగాడు. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. "మెడలో మంగళసూత్రం ఉంది కదా" అన్నాడు. ఆ సూత్రం భర్త కంటికి తప్ప ఎవరికీ కనబడదు. అంతే, ఇద్దరికీ ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఎదురుగా ఉన్నది భార్య, ఆమె చేతుల్లో ఉన్నది తన కొడుకు. తెలిశాక కూడా అతను సుంకం వదలడు. చూసేవాడికి ఊపిరాడదు. గ్రీకు నాటకంలో ఈడిపస్ ఎవరి కొడుకో తేలే ఘట్టానికి ఇది ఏమాత్రం తీసిపోదు. అక్కడ ఆ ఇంటి రహస్యం తెలిసినవాడు ఒక ముసలి గొర్రెల కాపరి, ఆ ఇంటి బానిస. పెద్దింటి రహస్యాలు ఎప్పుడూ కిందివాళ్ల కడుపులోనే ఉంటాయి. మరి కిందివాళ్ల రహస్యాలు ఎవరి దగ్గరుంటాయి?

ఆ కాటి సీనుని నిలబెట్టిన పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. గుర్రం జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలోని పద్యాల్ని నటులు తెచ్చి ఈ సీనులో కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావు లాంటి వాళ్ల గొంతులో అవి ఊరూరా తిరిగాయి. మా ఊళ్లో ఆ పద్యాలు నోటికొచ్చిన పెద్దమనుషుల్ని చాలామందిని అడిగాను. "హరిశ్చంద్రలోవమ్మా" అన్నారు. జాషువావి అని ఒక్కరూ అనలేదు. 1895లో వినుకొండలో పుట్టి, 1915-16లో మన రాజమండ్రి వచ్చి, మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చదివి పొట్టపోసుకున్న మనిషి ఆయన. అప్పుడు తెరమీద బొమ్మలకి ఆయన గొంతిచ్చాడు. తర్వాత స్టేజీ మీద రాజుకి మాటిచ్చాడు. రెండుచోట్లా మనిషి చీకట్లోనే ఉండిపోయాడు.

నా థీసిస్‌లో ఒక అధ్యాయం జాషువా మీదే. 'శ్మశానవాటి' గురించి పేజీలకి పేజీలు రాశాను. మృత్యువు ముందు రాజూ పేదా సమానమే అన్న తాత్వికత, కరుణరసం, శైలి. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదని కవి అన్న దగ్గర, ఇది ఆయన చూసిన ఏకైక సమతాస్థలం అని రాసుకున్నాను. గైడ్ గారు మెచ్చుకున్నారు.

బైండింగ్ చేయించి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. మూడు రోజులు చదివాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బాగా రాశావమ్మా. ఒక్కటి అడుగుతాను. ఆ శ్మశానం ఎవరిది?" అన్నాడు.

"ఎవరిదేంటి నాన్నా, శ్మశానం అందరిదీ కదా."

నవ్వాడు. ఇంకేం మాట్లాడలేదు. నేనూ అడగలేదు. డాక్టరేట్ వచ్చిన కొత్త.

2023లో నాన్న పోయాడు. జ్ఞాపకార్థ కూటం అయ్యాక, పాస్టరు గారు వెళ్లిపోయాక, షామియానా కింద కుర్చీలు మడతపెడుతుంటే పెదనాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాన్నకి పెదతండ్రి కొడుకు. ఎనభై దగ్గర.

"మీ నాన్నకి చెల్లెలుండేది, తెలుసా అమ్మా?"

తెలీదు. నాన్న ఒక్కడే కొడుకనే మాకు తెలుసు. తాత కూలికి వెళ్లేవాడనే తెలుసు.

పెదనాన్న చెప్పింది ఆయన మాటల్లోనే చెప్పాలని ప్రయత్నిస్తాను. "మీ తాత ఊరోళ్ల శ్మశానానికి కాపరమ్మా. పుల్లలు పేర్చడం, కాలిందాకా కాపలా ఉండటం, బూడిదెత్తడం. గింజలో, పాతబట్టో ఇచ్చేవోరు. ఆ ఏడు పెద్ద వానలు. పిల్లకి జొరం తగిలి మూడో రోజుకి పోయింది. ఆరేళ్లు. మన సమాధుల దొడ్డి డ్రెయిను పక్కన పల్లం కదా, మోకాలి లోతు నీళ్లు. తవ్వితే నీళ్లే. ఊరోళ్ల శ్మశానం మెరక. మీ తాత ఎల్లి పెద్దల కాళ్లు పట్టుకున్నాడు. ఓ మూల, ఈ ఒక్కసారికి అన్నాడు. నువ్వు అక్కడ పని చేసుకో, నీ పిల్లని మాత్రం పెట్టకు అన్నారు. రాత్రికి రాత్రి కాలవ గట్టు మీద పాతిపెట్టాడు. సర్కారు గట్టు. తెలిస్తే కేసవుద్దని ఎవరికీ చెప్పొద్దన్నాడు. లాంతరు పట్టుకుంది మీ నాన్నే. పదేళ్లోడు."

ఇంకా ఉంది.

"ఆ నెల్లోనే ఊళ్లో అమ్మోరి జాతరకి హరిశ్చంద్ర పెట్టారు. కాంట్రాక్టరు మీ తాతని పిలిచి, నీ కర్రా గొంగళీ పట్టుకురా, వేషానికి సరిపోద్ది అన్నాడు. తీసుకెళ్లాడు. మీ నాన్న కూడా ఎనకాలే ఎల్లాడు. రాజు మీ తాత గొంగళి కప్పుకుని, మీ తాత కర్ర పట్టుకుని పద్యం పాడతన్నాడు. ఎదురుగా చచ్చిన పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని తల్లి. ఊరు ఊరంతా ఎక్కెక్కి ఏడుత్తన్నారు. ఆ పెద్దలు కూడా. మీ తాత లైటు పడని చోట నుంచున్నాడు. ఏడ్చాడో లేదో మీ నాన్నకి కనబళ్లేదంట. నాకొక్కడికే చెప్పాడమ్మా, అదీ పెద్దయ్యాక."

మర్నాటి నుంచి బడిలో పిల్లలు నాన్నని "వీరబాహుడా" అని పిలవడం మొదలెట్టారట.

నేను ఆ రాత్రి ఇంటికొచ్చి థీసిస్ తీశాను. నా అధ్యాయం చదువుకున్నాను. సిగ్గుపడ్డాను. ఆ శ్మశానం ఎవరిది అని నాన్న అడిగింది తత్వం కాదు, సర్వే నంబరు.

ఇది జాషువా తప్పని నేను అనను. నేను చదివిన తీరుది తప్పు. అంటరానితనానికి ఇక్కడ చోటు లేదు అని ఒక అంటరాని కవి అంటే అది నింద. బతికుండగా మీరు ఇవ్వని చోటు నాకు చావులోనే కదా దొరికింది అని ముఖం మీద కొట్టడం. అదే పద్యం రాజు పాడితే వైరాగ్యం అయిపోతుంది. అంతా పోతాం, ఇంతేలే అని నిట్టూర్పు. మాట అదే, పాడే నోరు మారింది, అంతే. పద్యం అర్థం తలకిందులైంది. మా ఊరి పెద్దలు ఆ నిట్టూర్పుకే ఏడ్చారు. నింద వాళ్ల చెవిన పడలేదు. ఇంకో సంగతి, మా ఊళ్లో చావులో కూడా ఆ చోటు దొరకలేదు. నాన్న లేచిపోయింది ఆ పద్యానికి భయపడి కాదనుకుంటాను. పక్కనున్నవాళ్లు ఏడవడం చూడలేక.

ఇంకో విషయం పుస్తకాల్లో ఎప్పుడూ ఉంది, నేనే పట్టించుకోలేదు. హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు చివర్లో ఎవరని తేలుతుంది? మార్కండేయ పురాణంలో అతను మారువేషంలో ఉన్న ధర్ముడు. దేవుడు! అంటే కథ మొత్తంలో ఉన్న ఒక్క మనవాడు కూడా చివరికి మనవాడు కాదు. రాజు మళ్లీ రాజవుతాడు, చచ్చిన పిల్లాడు లేచి కూర్చుంటాడు, కాటికాపరి దేవుడైపోతాడు. ఈ నాటకంలో అసలు రహస్యం మంగళసూత్రం కాదు, ఇదీ. శ్మశానంలో నిజంగా పనిచేసే మనిషి ఆ స్టేజీ ఎక్కనే లేదు. అతని గొంగళీ, కర్రా మాత్రమే ఎక్కాయి. 'హామ్లెట్'లో గోతులు తవ్వేవాడికి కూడా షేక్‌స్పియర్ పేరు పెట్టలేదు. పుస్తకంలో అతను ఉత్త 'క్లౌన్'.

ఈ గోదావరి జిల్లాల్లోనే మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. అందులో పాలేరు మారువేషంలో ఉన్న దేవుడు కాదు. పాలేరే. చదువుకుంటాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రుల గురించి మా పేటల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాన్న ఆ నాటకం పుస్తకానికి అట్ట వేసి దాచుకున్నాడు. అది ఆఖరిదాకా చదివేవాడు.

ఈ సెప్టెంబర్ 28న, జాషువా జయంతికి, కాలేజీలో కాటి సీను వేద్దాం అని మా డిగ్రీ పిల్లలు అడిగారు. వద్దనలేదు. రిహార్సల్లో రెండో సంవత్సరం అమ్మాయి లేచి, "మేడమ్, మరి వీరబాహుడింట్లో పిల్ల చచ్చిపోతే సుంకం ఎవరికి కట్టాలి?" అంది. ఆ అమ్మాయికి మా ఇంటి కథ తెలీదు. నాకు జవాబు రాలేదు. నీళ్లు తాగొస్తానని బయటికెళ్లాను. మా నాన్నలాగే. వరండాలో కాసేపు నిలబడి మళ్లీ లోపలికొచ్చాను, అది మాత్రం ఆయనలా కాదు. "ఆ ప్రశ్నని సీనులో పెట్టు" అన్నాను. ఇప్పుడు ఆ అమ్మాయే రాస్తోంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, కన్నీళ్లతో ఆపేస్తే అది కూడా కాటి సీనే అవుతుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీల చేత బలవంతంగా శవాలు మోయించడం, గోతులు తవ్వించడం నేరం. శ్మశానాన్ని మిగతావాళ్లతో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం కూడా నేరం. ఈ రెండు ముక్కలూ మా తాత బతుకుని పక్కన పెట్టుకుని రాసినట్టే ఉంటాయి. ఆయనకి అందలేదు. మీకు అందాయి.

అందుకే ఈ వారం మీకొక పని. మీ ఊరెళ్లినప్పుడు మూడు చూడండి. మీ పేట సమాధుల స్థలం ఎంత, దానికి దారి ఉందా, వానాకాలం నీళ్లు నిలుస్తాయా. రెవెన్యూ రికార్డులో అది ఏ పేరుతో ఉందో అడగండి. ఊరి శ్మశానంలో పనిచేసిన వాళ్ల పేర్లు మీ మామ్మల్నీ తాతల్నీ అడిగి రాసుకోండి. మారుపేర్లు కాదు, అసలు పేర్లు.

మొన్న ఊరెళ్లేటప్పుడు లాకులు దాటాక నేనే బండి ఆపాను. గట్టు వెడల్పు చేసి తారురోడ్డు వేసేశారు. సరిగ్గా ఎక్కడో పెదనాన్నకి కూడా గుర్తు లేదు. నాన్న ఒక్కడికే తెలుసు. నేను పెట్రోల్ మూత తియ్యలేదు. ఊరికే నిలబడ్డాను. ఎవరో బైకు ఆపి, "ఏమైందమ్మా, బండాగిపోయిందా?" అన్నారు.

"లేదండి, మా మేనత్త ఇక్కడుంది" అన్నాను.

జై భీమ్.